ఎవరూ తీయని ఫొటో: మార్గరీత్ ద్యురాస్ నవలలు, సినిమాలు

సభకు నమస్కారం.

రేపు సాయంత్రం ఇదే హాల్లో మనం చూడబోయే సినిమా పేరు ‘ఇండియా సాంగ్’. 1975లో వచ్చింది. కథ 1937 నాటి కలకత్తాలో జరుగుతుంది గాని, సినిమా మొత్తం గాలించినా కలకత్తాలో తీసిన షాటు ఒక్కటీ దొరకదు. పాత్రలు మాట్లాడుకుంటూనే ఉంటాయి, కానీ తెర మీద ఒక్కరి పెదవీ కదలదు. పోయిన నెల దీన్ని మా ఇంట్లో వేసుకుని చూస్తూ ఉంటే, పక్కగదిలోంచి వచ్చిన మా అబ్బాయి కాసేపు నిలబడి, “నాన్నా, సౌండు సింకు పోయింది” అని రిమోట్ అందుకోబోయాడు. సింకు పోలేదురా, తీసినావిడే కావాలని తెంపేసిందని చెప్పాను. ఎందుకు తెంపిందని వాడు అడగలేదు. మీరు అడుగుతారన్న నమ్మకంతో ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ఆ తీసినావిడ మార్గరీత్ ద్యురాస్. ఫ్రెంచిలో మాట చివరి హల్లుని తరచుగా మింగేస్తారు గాని, ఈ పేరులో చివరి ‘స్’ని పలకాలి. ఇది ఆమె పుట్టింటి పేరు కాదు. పుట్టింటి పేరు దొనాద్యూ. 1943లో మొదటి నవల అచ్చు వేసుకునేటప్పుడు ఆ పేరు వదిలేసి, నైరుతి ఫ్రాన్సులో తండ్రి ఇల్లు కొనుక్కున్న ప్రాంతంలోని ఊరి పేరు తీసుకుంది. ఆ ఊరే ద్యురాస్.

ఆమె పుట్టింది 1914 ఏప్రిల్ 4న, సైగాన్ పక్కన ఉన్న గియా దిన్ అనే చోట. అప్పటికి అది ఫ్రెంచి ఇండోచైనా. మన కాకినాడ దగ్గరి యానాం 1954 దాకా అదే సామ్రాజ్యం కింద ఉండేదని గుర్తు చేసుకుంటే ఆ లోకం మనకి మరీ పరాయిదిగా తోచదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉపాధ్యాయులే. తండ్రి జబ్బు చేసి ఫ్రాన్సు వెళ్లి, 1921లో అక్కడే పోయాడు. తల్లి ముగ్గురు పిల్లలతో, ఇద్దరు మగపిల్లలతో, ఈ ఆఖరి ఆడపిల్లతో, మెకాంగ్ నది వెంట ఉన్న విన్ లాంగ్, సా దెక్ లాంటి ఊళ్లలో స్థానికుల బడులు నడుపుతూ ఉండిపోయింది. పాలించే జాతికి చెందిన మనిషే అయినా, ఆ జాతి మెట్లలో ఆవిడది అట్టడుగు మెట్టు.

ఆ తల్లి 1920ల చివర్లో, కూడబెట్టినదంతా పోసి, కంబోడియా తీరంలో సర్కారు సాగుకిచ్చే భూమి కొన్నది. కోస్తా వాళ్లకి ఈ కథ విప్పి చెప్పక్కర్లేదు. అది చౌడు నేల. ఏటా సముద్రం పొంగి మడుల్లోకి ఉప్పునీరు వచ్చేది, నాటిన వరి నాటినట్టే కుళ్లిపోయేది. సర్వే అధికారులకి మామూళ్లు ముట్టజెపితేనే మంచి నేల దక్కుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడకి తోచనూ లేదు. సముద్రానికి అడ్డంగా కరకట్ట కట్టిస్తానని బయల్దేరి, చుట్టుపక్కల రైతుల్ని పోగేసి, మడ చెట్ల దుంగలు పాతించి కట్ట వేయించింది. ఆ దుంగల్ని చేలలోని చిన్న పీతలు తొలిచేశాయి. తర్వాతి పోటుకి కట్ట పోయింది.

1950లో వచ్చిన ‘పసిఫిక్‌కి అడ్డుకట్ట’ నవలలో ఈ పీతలతో సహా అంతా ఉంది. నాకు బాగా నచ్చిన వివరం ఒకటి చెబుతాను. ఆ నీళ్లు నిజానికి పసిఫిక్ కావు, చైనా సముద్రం. నవలలోని తల్లి మాత్రం చైనా సముద్రం అనే పేరు మరీ పల్లెటూరి పేరులా ఉందని దాన్ని పట్టుబట్టి పసిఫిక్ అనే పిలుస్తుంది. తనని ముంచే నీళ్లయినా సరే, పేరున్న నీళ్లు అయి ఉండాలన్న పంతం ఒక్క ముక్కలో ఆ మనిషి మొత్తాన్ని చూపిస్తుంది. అసలు తల్లి ఈ పుస్తకం చదివి మురిసిపోలేదు. కూతురు తన పరువు బజారుకి ఎక్కించిందని బాధపడింది. ఆ ఏడు, ఫ్రెంచి సాహిత్యంలో పెద్ద గౌరవమైన గోంకూర్ బహుమతి కూడా అందినట్టే అంది చేజారింది.

కూతురు పారిస్ చేరింది 1930ల మొదట్లో. లా, రాజనీతి చదివి, 1938లో వలసల మంత్రిత్వశాఖలో ఉద్యోగానికి కుదిరింది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. 1940లో ఆమె ఆ శాఖలోని సహోద్యోగితో కలిసి ‘ఫ్రెంచి సామ్రాజ్యం’ అనే ప్రచార పుస్తకం రాసింది. అది దొనాద్యూ పేరుతో వచ్చింది. తర్వాత తన పుస్తకాల జాబితాలో దాన్ని ఆమె ఏనాడూ కలుపుకోలేదు. అదే సామ్రాజ్యపు సర్వే ఆఫీసుని పదేళ్లకి నవలలో కడిగిపారేసిన మనిషే, ఆ సామ్రాజ్యాన్ని పొగుడుతూ జీతం తీసుకుంది. ఆమెని అభిమానించే వాళ్లు ఈ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. జర్మన్ల ఆక్రమణలో ప్రచురణకర్తలకి కాగితం కోటాలు పంచే సంఘంలోనూ పని చేసింది. ఆ తర్వాతే ప్రతిఘటన ఉద్యమంలోకి వచ్చింది. ఆ దళానికి పెద్ద, తర్వాతి కాలంలో ఫ్రాన్సు అధ్యక్షుడైన ఫ్రాన్స్వా మిత్తెరాఁ.

1939లో ఆమె పెళ్లాడిన రొబేర్ ఆంతెల్మ్‌ని 1944 జూన్‌లో గెస్టపో పట్టుకుపోయింది. బూఖెన్‌వాల్డ్ మీదుగా డాఖౌ నిర్బంధ శిబిరానికి చేరాడు. 1945 వసంతంలో, విముక్తి పొందిన ఆ శిబిరం చూడటానికి వెళ్లిన మిత్తెరాఁని, చావుకి సిద్ధంగా పడి ఉన్న వాళ్ల మధ్య నుంచి ఒక గొంతు పేరు పెట్టి పిలిచింది. గొంతుని బట్టి తప్ప మనిషిని పోల్చుకోవడం సాధ్యం కాలేదు. మిత్రులు కారులో వెళ్లి, శిబిరం వాళ్ల కళ్లు గప్పి అతన్ని తీసుకొచ్చారు. ఒకేసారి తిండి పెడితే కడుపు తట్టుకోలేక చచ్చిపోతాడని, చెంచా చెంచా జావ పోసి నిలబెట్టారు. ఈ ఎదురుచూపునీ ఈ జావనీ ఆమె ‘వేదన’ అనే పుస్తకంలో రాసింది. అది అచ్చయింది 1985లో. ఇది యుద్ధకాలపు డైరీ అనీ, రాసిన సంగతే మరచిపోయాననీ, ఇంట్లో నీలం బీరువాల్లో దొరికిందనీ ముందుమాటలో చెప్పుకుంది. నోటుపుస్తకాలు నిజంగానే ఉన్నాయి, 2006లో అచ్చయ్యాయి కూడా. వాటితో పోల్చి చూస్తే 1985 పాఠాన్ని ఆమె బాగా చెక్కిందని తెలుస్తుంది. ద్యురాస్ తన గురించి తాను చెప్పిన దేన్నీ సాక్ష్యంగా తీసుకోకూడదు, అలాగని అబద్ధమని కొట్టిపారేయనూ కూడదు. ఆమె జీవితాన్ని కూడా చిత్తుప్రతి లాగే దిద్దుకుంటూ పోయింది.

యుద్ధం తర్వాత కమ్యూనిస్టు పార్టీలో కొన్నేళ్లుండి 1950లో బయటపడింది. సెయింట్ బెన్వా వీధిలోని ఆమె ఫ్లాటు పారిస్ రచయితలకి అడ్డా అయింది. 1947లో, ఆంతెల్మ్ తర్వాత ఆమెకి సహచరుడైన దియొనీస్ మాస్కొలో వల్ల కొడుకు పుట్టాడు. నవలలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటిలో 1958 నాటి ‘మొదెరాతో కాంతాబిలే’ దగ్గర ఆమె వాక్యం మారిపోయింది. నవల పియానో పాఠంతో మొదలవుతుంది. స్వరలిపి మీద రాసి ఉన్న ఆ రెండు మాటలకి అర్థం చెప్పమని టీచరు అడుగుతుంది, పిల్లవాడికి తెలుసు, చెప్పడు. ఇంతలో కింద కేఫేలో ఒక ఆడమనిషి కేక వినిపిస్తుంది. ఆ కేక ఎందుకో నవల చివరిదాకా పూర్తిగా తేలదు. అడ్డుకట్ట కథ రాసినప్పుడు అన్నీ చెప్పిన రచయిత్రి, ఇక్కడి నుంచి చెప్పకుండా ఉండటం నేర్చుకుంది.

సినిమా ఆమె జీవితంలోకి డబ్బు రూపంలో వచ్చింది. ‘అడ్డుకట్ట’ హక్కులు అమ్మిన సొమ్ముతో పారిస్‌కి పడమట, నోఫ్ల్-ల-షాతో అనే పల్లెలో ఇల్లు కొనుక్కుంది. ఆ నవలని రెనే క్లెమాఁ తీశాడు, ‘మొదెరాతో’ని పీటర్ బ్రూక్ తీశాడు, దానికి ఝాన్ మోరోకి 1960 కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ద్యురాస్‌కి మాత్రం ఇవేవీ నచ్చలేదు. తన నవలల మీద ఇతరులు తీసిన సినిమాలు భరించలేకే కెమెరా పట్టుకున్నానని ఆమె పలుచోట్ల అన్నది.

నచ్చనిది అహంకారం వల్ల మాత్రమే కాదు. మధ్యలో ఒక సినిమా ఆమెకి వేరే దారి చూపించింది. అణుబాంబు మీద డాక్యుమెంటరీ తీయమంటే, అది తన వల్ల కాదనుకున్న అలేఁ రెనే ఆమె దగ్గరికి వచ్చి కథ రాయమన్నాడు. అలా వచ్చింది 1959 నాటి ‘హిరోషిమా మోన్ అమూర్’. తెర మీద మ్యూజియం, ఆసుపత్రి, కాలిన ఒళ్లు కనిపిస్తూ ఉంటాయి, ఫ్రెంచి యువతి గొంతు నేను అన్నీ చూశానని అంటూ ఉంటుంది, జపాన్ యువకుడి గొంతు నువ్వు హిరోషిమాలో ఏమీ చూడలేదని అంటూనే ఉంటుంది. బొమ్మ మన కళ్ల ముందే ఉండగా, మాట ఆ బొమ్మని కాదంటోంది. ఈ స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ల దాకా వెళ్లింది. నా దృష్టిలో ద్యురాస్ తర్వాత తీసిన సినిమాలన్నిటికీ విత్తనం ఇక్కడే పడింది: చూపించిన మాత్రాన చూసినట్టు కాదన్న పట్టుదల.

దర్శకత్వం మొదలుపెట్టింది ఏభై దాటాక. మొదటిది ‘లా మూజికా’, 1967లో విడుదలైంది, పోల్ సెబాఁతో కలిసి తీసింది. 1972లో నోఫ్ల్ ఇంట్లోనే ‘నతలీ గ్రాంఝే’ తీసింది. ఇల్లు తుడవడం, గిన్నెలు సర్దడం, చెరువు గట్టున ఎండుపుల్లలు ఏరి మంట పెట్టడం, ఇవే చాలాసేపు సాగుతాయి. ఆ ఇంటికి వాషింగ్ మెషీన్ అమ్మడానికి ఒక కుర్రాడు వస్తాడు. అతనే ఝెరార్ దెపార్ద్యూ, అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియడు. కంపెనీ నేర్పిన మాటలన్నీ గడగడా అప్పజెబుతూ ఉంటే, ఇంట్లోని ఇద్దరాడవాళ్లు కన్నార్పకుండా చూస్తూ కూర్చుంటారు. చివరికి, మీరు సేల్స్‌మన్ కారు, అని ఒకామె మెల్లగా అంటుంది. అతను సేల్స్‌మన్‌నేనని వాదిస్తాడు, కార్డు చూపిస్తాడు, తడబడతాడు, ఆ తడబాటులోనే అతని బతుకు మొత్తం బయటపడుతుంది. ఆ ఇంట్లో అదే మెషీన్ అప్పటికే ఉందని తర్వాత తెలుస్తుంది. ద్యురాస్‌కి నవ్వు రాదని చెప్పేవాళ్లకి నేను ఈ సీను చూపిస్తుంటాను.

ఇక ‘ఇండియా సాంగ్’. దీని వేరు 1966 నాటి ‘వైస్ కాన్సల్’ నవలలో ఉంది, దాని వేరు ఇంకా లోతున, ఆమె చిన్నతనంలో ఉంది. కాలికి పుండు పడిన ఒక బిచ్చగత్తె తన పసిపాపని ద్యురాస్ తల్లికి అప్పగించి వెళ్లిపోయిందన్న సంగతి ఆమె పుస్తకాల్లో పదేపదే తిరిగి వస్తుంది. ‘వైస్ కాన్సల్’లో ఆ బిచ్చగత్తెని ఆమె కన్నతల్లి ఇంట్లోంచి గెంటేస్తే, కడుపుతో ఉన్నది అలా నడిచి నడిచి కలకత్తా చేరుతుంది. అక్కడ ఫ్రెంచి రాయబారి భార్య ఆన్-మారీ స్త్రెత్తేర్ విందులు ఇస్తూ ఉంటుంది. లాహోర్‌లో ఉండగా షాలిమార్ తోటలోని కుష్ఠురోగుల మీద తుపాకి పేల్చిన వైస్ కాన్సల్ ఆమె కోసం అరుస్తాడు.

భూగోళం తెలిసినవాడు ఇక్కడ నవ్వుకుంటాడు. 1937లో కలకత్తాలో ఫ్రెంచి రాయబార కార్యాలయం ఎక్కడిది? ఇండియా ఇంకా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది, రాజధాని ఢిల్లీకి మారి ఎన్నో ఏళ్లయింది. ద్యురాస్‌కి ఇవి పట్టవు. సినిమా తీసింది పారిస్ శివారు బులోఞ్‌లో పాడుబడిన రోత్‌షీల్డ్ భవనంలో. గొంతులన్నీ ముందే రికార్డు చేసి, షూటింగులో ఆ టేపు వినిపిస్తూ ఉంటే, నటులు నోరు తెరవకుండా దానికి తగ్గట్టు కదిలారు. ఆన్-మారీ వేషం వేసిన దెల్ఫీన్ సేరిగ్ ఎర్రటి దుస్తుల్లో గోడనిండా ఉన్న అద్దం ముందు డాన్సు చేస్తూ ఉంటుంది, మనిషి వస్తున్నాడో మనిషి ప్రతిబింబం వస్తోందో చాలాసార్లు పోల్చుకోలేం. కార్లోస్ దాలెసియో కూర్చిన పాట పియానో మీద మళ్లీ మళ్లీ వస్తుంది. మైకేల్ లాన్స్‌డేల్ వేసిన వైస్ కాన్సల్ అరుపు తెర బయట నుంచి వస్తుంది. అరిచే మనిషిని మనకి చూపించరు.

ఇండియా పేరు పెట్టుకుని ఇండియాని మోతగా మాత్రమే వాడుకుందన్న ఫిర్యాదు నాకూ ఉంది. ఈ సినిమాలో కుష్ఠురోగులున్నారు, ఆకలి ఉంది, బిచ్చగత్తె ఉంది, కానీ అంతా గోడ అవతల. ఫ్రాన్సు వాళ్ల దిగులుకి మన ఊరు ఒక వాతావరణం అయింది. రెండోసారి చూసినప్పుడు మరో సంగతి కూడా కనబడింది. ఆ విందులో ఉన్న తెల్లవాళ్లకి ఇండియా నిజంగా అంతే, కిటికీలోంచి వచ్చే ఒక గొంతు, ఒక వాసన. వాళ్లు చూడని దాన్ని మనకి చూపిస్తే అది అబద్ధమయ్యేది. ఫిర్యాదు పూర్తిగా తీరిందని మాత్రం చెప్పను.

మరుసటి ఏడాది ఆమె ఇంకా విచిత్రమైన పని చేసింది. ‘ఇండియా సాంగ్’ శబ్దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని, కింద కొత్త బొమ్మ వేసింది. మనుషులు దాదాపు లేరు, అదే భవనపు పగిలిన అద్దాలు, పెచ్చులూడిన గోడలు. 1977లో ‘లారీ’ వచ్చింది. ద్యురాస్, దెపార్ద్యూ ఒక గదిలో బల్ల దగ్గర కూర్చుని స్క్రిప్టు చదువుతారు. ఒక లారీ, దాన్ని ఆపి ఎక్కిన ఒక పెద్దావిడ, డ్రైవరు, ఇదీ కథ. దెపార్ద్యూ ఆ కాగితాలు ముందుగా చదవలేదు. ఇది సినిమానా అని అతను అడిగితే, సినిమా అయి ఉండేది, అని ఆమె జవాబు. ఆ ‘అయి ఉండేది’ అనే క్రియారూపం మీదే సినిమా గంటకి పైగా నడుస్తుంది. మధ్యమధ్య ఒక నీలం లారీ చలికాలపు పొలాల పక్కన వెళుతూ కనిపిస్తుంది, అందులో కథలోని మనుషులు మాత్రం కనిపించరు. 1981లో ‘అట్లాంటిక్ మనిషి’ దగ్గరికి వచ్చేసరికి ఎక్కువ భాగం తెర నల్లగానే ఉంటుంది, గొంతొకటే నడుస్తుంది. ఇలాంటిది ఇష్టపడని వాళ్లు దయచేసి రావద్దని ‘లె మోంద్’ పత్రికలో తానే రాసింది. టిక్కెట్లు అమ్ముకోవలసిన మనిషి చేయవలసిన పని కాదనుకోండి.

అప్పటికి ఆమె తాగుడు ప్రాణం మీదికి వచ్చింది. 1982లో ఆసుపత్రిలో చేరి మానిపించుకుంది. 1980 నుంచి తోడున్న యాన్ ఆంద్రేయా అనే, వయసులో ఎన్నో ఏళ్లు చిన్నవాడైన మనిషి పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత కుటుంబ ఫొటోల ఆల్బమ్ ఒకటి వేద్దామన్న ఆలోచన వచ్చింది, ఫొటోలకి కింద వ్యాఖ్యలు రాయాలి. రాస్తూ రాస్తూ ఆమె ఆల్బమ్‌లో లేని ఫొటో దగ్గర ఆగిపోయింది. పదిహేనున్నర ఏళ్ల పిల్ల, మెకాంగ్ మీద బల్లకట్టు రేవు దాటుతోంది. నెత్తిన మగవాళ్ల టోపీ, నల్ల రిబ్బను, కాళ్లకి జరీ మెరుపుల జోళ్లు. అదే బల్లకట్టు మీద నల్లకారులో ఒక చైనా యువకుడు ఉన్నాడు. ఆ రోజు ఆ రేవు దాటడం తన బతుకులో ఇంత అవుతుందని ముందే ఎవరికి తెలుసు, ఎవరు ఫొటో తీస్తారు? ఈ ప్రసంగానికి పేరు పెట్టేటప్పుడు ఉత్త ‘తీయని ఫొటో’ అని రాసుకున్నాను, మా మిత్రుడొకాయన చదివి తియ్యటి ఫొటో అనుకున్నాడు, అందుకే ‘ఎవరూ’ చేర్చాను. తెలుగులో అనుకోకుండా దొరికిన ఈ శ్లేష ఆమెకి నచ్చేదేమో.

1984లో ‘ప్రియుడు’ పేరుతో వచ్చిన ఆ చిన్న నవల గోంకూర్ బహుమతి తెచ్చింది, లక్షల్లో అమ్ముడైంది. 1950లో చేజారిన బహుమతి డెబ్బై ఏళ్ల వయసులో అందింది. నిజానికి ఇదే మనిషి ‘అడ్డుకట్ట’లోనూ ఉన్నాడు, అక్కడ అతని పేరు మిస్టర్ జో, చైనావాడని ఎక్కడా ఉండదు, వేలికి వజ్రపుటుంగరం, ఆ వజ్రంలో ఒక మచ్చ. 1984లో చైనావాడయ్యాడు. నవలని ఝాన్-ఝాక్ అన్నో సినిమా తీయబోతే ఇద్దరికీ చెడింది, అప్పుడామె 1991లో అదే కథని ‘ఉత్తర చైనా ప్రియుడు’ అని మూడోసారి, సగం నవలగా, సగం స్క్రిప్టుగా రాసి, కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా అందులోనే సూచించింది. అన్నో సినిమా 1992లో వచ్చింది. అందులో రేవు, టోపీ, జోళ్లు అన్నీ ఎంతో అందంగా కనిపిస్తాయి. ఎవరూ తీయని ఫొటోని అలా తీసేశారు.

ఈ కీర్తి కాలంలోనే ఆమె చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. 1985లో ఒక పసివాడి హత్య కేసులో, నేరం రుజువు కాకముందే, ఆ తల్లే హంతకురాలన్నట్టు పత్రికలో పెద్ద వ్యాసం రాసింది. కోర్టు ఆ తల్లిని 1993లో నిర్దోషిగా తేల్చింది. చూడని దాన్ని ఊహించి రాయడం నవలలో ఆమె బలం, బతికున్న మనిషి విషయంలో అది అన్యాయం.

ఆమె 1996 మార్చి 3న పారిస్‌లో పోయింది. మోంపర్నాస్ శ్మశానంలో సమాధి చేశారు.

రేపటి సంగతి. ప్రదర్శన ఆరున్నరకి మొదలవుతుంది, తలుపులు అప్పుడే వేసేస్తాం. మొదటి షాటులో పొగమంచు వెనక ఎర్రటి సూర్యుడు మెల్లగా దిగుతూ ఉంటాడు, కొన్ని నిమిషాల పాటు ఇంకేమీ ఉండదు. ఆ సమయంలో వినపడే పాట లావో భాషలో బిచ్చగత్తె పాడేది, మధ్యలో నవ్వేదీ ఆమే. రెండు గంటల్లో ఆమె తెర మీదికి రాదు. ఆలస్యంగా వచ్చి తలుపు తీస్తే వెలుతురు పడి ఆ సూర్యుడు పాలిపోతాడు, కాబట్టి టీ ముందే తాగేసి రండి.